దూరాన ఉన్న సహచరులతో వెబ్‌సైటు సంస్థ నిర్వహణ

సంస్థ అనగానే మన కళ్లముందు ఒక భవనం, ఒక బోర్డు, వరుసగా అమర్చిన బల్లలు, హాజరు పట్టీ కనిపిస్తాయి. ఇతరుల కోసం వెబ్‌సైట్లు తయారు చేసి ఇచ్చే చిన్న సంస్థలకు వీటిలో ఏదీ అనివార్యం కాదు. రూపకల్పన చేసేవారు ఒక ఊరిలో, ప్రోగ్రాము వ్రాసేవారు మరొక ఊరిలో, పని అప్పగించినవారు వేరొక దేశంలో ఉండవచ్చును. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు పెద్ద కంపెనీలు సైతం విధిలేక ఈ పద్ధతికి దిగినవి. అంతకు చాలా ముందే కోరి దీనిని చేపట్టినవారు ఉన్నారు. మన విద్యార్థులలో కొందరు చదువు ముగియగానే ఇటువంటి సంస్థను ప్రారంభించాలని ఉత్సాహపడుతున్నారు గనుక, అందులోని మంచిచెడ్డలను కొంత వివరించడం ఉచితమని భావిస్తున్నాము. మేము కంప్యూటరు శాస్త్రం చదివినవారము కాము, తెలుగు బోధించేవారము. అయినను మాకు ఇందులో జోక్యం ఎందుకో పాఠకులకు ముందు ముందు బోధపడగలదు.

అమెరికాలోని షికాగో నగరంలో 1999లో థర్టీసెవెన్ సిగ్నల్స్ అనే చిన్న సంస్థ ఏర్పడింది. జేసన్ ఫ్రీడ్ దాని స్థాపకులలో ఒకరు. పేరు విచిత్రమైనదే. అంతరిక్షం నుండి అందిన రేడియో సంకేతాలలో 37 మాత్రం అన్యలోకవాసులు పంపినవి కావచ్చునని పాల్ హోరోవిట్జ్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తించగా, ఆ సంఖ్యే సంస్థకు పేరయింది. ఇతర కంపెనీలకు వెబ్‌సైట్లు రూపొందించడమే మొదట దాని వృత్తి. 2001లో ఫ్రీడ్‌కు ప్రోగ్రామింగులో ఒక చిక్కు ఎదురై ఇంటర్నెట్టులో సహాయం కోరగా, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో ఉన్న డేవిడ్ హైనమెయర్ హాన్సన్ అనే యువకుడు సమాధానం వ్రాశాడు. ఆ పరిచయం చిన్న చిన్న పనులకు దారితీసింది. ఇద్దరి మధ్య ఒక మహాసముద్రం, ఏడు గంటల కాలభేదం.

పనులు పెరిగినకొద్దీ ఈ-మెయిళ్ల గుట్టలో ఏ మార్పు ఎవరు కోరారో, ఏ పని ఎక్కడ ఆగినదో తెలియని అయోమయం ఏర్పడింది. దానికి విరుగుడుగా తమ అవసరం కొరకే వారొక సాఫ్ట్‌వేరును నిర్మించుకొన్నారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చోటు. అక్కడనే సందేశాలు, చేయవలసిన పనుల పట్టిక, గడువులు. చూసిన క్లయింట్లు తమకూ కావాలన్నారు. అది 2004 ఫిబ్రవరిలో బేస్‌క్యాంప్ అనే పేరుతో విడుదలయింది. హాన్సన్ దానికై వెచ్చించినది వారానికి పది గంటలే. ఆ నిర్మాణంలో భాగంగా రూపొందిన రూబీ ఆన్ రెయిల్స్ అనే సాధనాన్ని అదే సంవత్సరం జూలైలో అందరికీ ఉచితంగా ఇచ్చివేశాడు. తరువాత కొద్దికాలానికే ఆ సంస్థ ఇతరుల వెబ్‌సైట్లు చేయడం మానుకొని సొంత సాఫ్ట్‌వేరు మీదనే నిలదొక్కుకొన్నది. 2013లో ఆ ఇరువురూ తమ అనుభవాలను ‘రిమోట్’ అనే గ్రంథంగా వెలువరించారు.

ఈ వృత్తాంతంలో మమ్ము ఆకర్షించినది వారు గడించిన లాభం కాదు. వారి పనిలో వ్రాతకు లభించిన స్థానం. ఒకే గదిలో కూర్చున్నవారికి సైగ చాలును. దూరాన ఉన్నవారికి అట్లు కాదు. ‘నిన్న చెప్పిన మార్పు త్వరగా చేయండి’ అని ఒకరు సందేశం పంపితే, నిద్రలేచి చదివిన సహచరుడు ‘ఏ మార్పు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న చేరేసరికి మొదటివారు నిద్రలో ఉంటారు. ఒక దినం వ్యర్థం. అట్లు గాక, ‘మూడవ పేజీలోని ఫోను నంబరు పాతది, జతపరచిన నంబరు ఉంచాలి, బుధవారం మధ్యాహ్నంలోగా కావాలి, నేను అందుబాటులో లేకపోతే పాత నంబరును తొలగించి ఖాళీగా ఉంచండి’ అని వ్రాస్తే పని ఆగదు. ఈ చివరి వాక్యమే చాలామంది వ్రాయరు. గిట్ అని ఒక సాధనం కలదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించినది. ప్రోగ్రాములో ఏ పంక్తిని ఎవరు ఎప్పుడు మార్చారో అది భద్రపరుస్తుంది. అక్కడ కూడ మార్పును నమోదు చేసినప్పుడు ఒక వాక్యం జతచేయవలసి ఉంటుంది. లేఖారచన పాఠం రాగానే ‘ఇది మార్కులకు తప్ప ఎందుకు సార్?’ అని వెనుక బెంచీలో గుసగుసలాడే మిత్రులు గమనింతురు గాక.

కొన్ని సంవత్సరాల క్రిందట మా పూర్వ విద్యార్థి ఒకడు, వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు మిత్రులను కలుపుకొని, ఒక వ్యాపారికి వెబ్‌సైటు చేసి ఇచ్చాడు. ఒప్పందమంతా ఫోనులోనే. ఐదు పేజీలనుకొన్నది పదకొండయింది. ‘ఇంకొక్క చిన్న మార్పు’ అనే మాటతో మూడు నెలలు గడిచాయి. చివరకు ఆ వ్యాపారి సగం సొమ్ము ఇచ్చి, మిగిలినది పని పూర్తయ్యాక అన్నాడు. అసలు పని ఏది, అదనపు పని ఏది అని చూపుటకు చిన్న కాగితమైనా లేదు. మిత్రులకు మాట ఇచ్చిన మొత్తాన్ని ఆ అబ్బాయి ఇంటి సొమ్ము నుండి చెల్లించాడు; అది చెల్లెలి ఫీజుకు దాచినది. మా వద్దకు వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు అతడు వ్యాపారిని నిందించలేదు, ‘వ్రాసుకోలేదు సార్’ అన్నాడు.

ఇప్పుడు అతడు పని మొదలు పెట్టకముందే ఒక పత్రం పంపుతున్నాడు. పేజీలెన్ని, ఫొటోలు, సమాచారం ఎవరు ఏ తేదీలోగా ఇవ్వాలి, రూపకల్పనలో ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు, ఆపైన మార్పునకు రుసుము ఎంత అనే వివరాలు అందులో ఉంటాయి. సొమ్ము మూడు వాయిదాలు: ఆరంభంలో, రూపకల్పన ఆమోదించినప్పుడు, వెబ్‌సైటు అప్పగించడానికి ముందు. వెబ్‌సైటు పేరును మాత్రం క్లయింటు పేరిటనే నమోదు చేయిస్తాడు. తన పేరిట ఉంచుకొని బెదిరించే పద్ధతి కొందరిలో ఉన్నది. అది నీచమని మా అభిప్రాయం.

సహచరుల ఎంపికకు కూడ హాన్సన్ ఉదంతమే మార్గం చూపుతున్నది. ముందు చిన్న పని, దానికి తగిన సొమ్ము. నచ్చితే పెద్ద పని. ఉచితంగా పరీక్ష పెట్టడం న్యాయం కాదు. కాలభేదం విషయంలో మనవారు మరింత జాగ్రత్త వహించాలి. షికాగోకు మనకు శీతకాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు తేడా. ఇరువురూ మేలుకొని ఉండే ఒకటి రెండు గంటలను ముందే నిర్ణయించుకోకపోతే, రాత్రి జాగరణ ఎప్పుడూ మనవంతుకే వస్తుంది.

అయితే అంతా వ్రాతతోనే తీరదు. బేస్‌క్యాంప్ అనే పేరుతో నడుస్తున్న కాలంలో, 2021 ఏప్రిల్‌లో, ఆ సంస్థ యాజమాన్యం కార్యాలయ వేదికలపై రాజకీయ, సామాజిక చర్చలు కూడదని ప్రకటించగా, సిబ్బందిలో సుమారు మూడవ వంతు మంది కొద్ది రోజులలోనే వైదొలగారు. దూరం నుండి పనిచేయడంపై గ్రంథం వ్రాసినవారికే ఈ గతి పట్టింది. ఎదురుగా ఉంటే ముఖం చూసి మెత్తబడే మాట, తెరపై అక్షరంగా మరింత గట్టిపడుతుంది. పనికి సంబంధించినది వ్రాయాలి. మనసు నొచ్చినప్పుడు ఫోను చేయాలి.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. మన కళాశాల వెబ్‌సైటును ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ మన విద్యార్థులచేతనే సిద్ధం చేయించవచ్చును. ఉర్దూ పేజీ కుడి నుండి ఎడమకు, తెలుగు పేజీ ఎడమ నుండి కుడికి నడవాలి గనుక రెండు బృందాలు అవసరమవుతాయి. వాటిని ఒకే గదిలో కూర్చోబెట్టక, నెల రోజులపాటు వ్రాతమూలకంగానే సంప్రదించుకొమ్మనాలి. ఆ వ్రాతలను దిద్దే బాధ్యతను ఉర్దూ, తెలుగు శాఖలు స్వీకరించగలవు.