పైలట్ తప్పా, స్విచ్ తప్పా?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి ఓ వింత చిక్కు వచ్చిపడింది. బి-17 బాంబర్లు రన్‌వే మీద క్షేమంగా దిగేవి. తీరా దిగాక, పైలట్ చక్రాలను లోపలికి ముడిచేసేవాడు! విమానం పొట్ట మీద కూలబడేది. ఆ పైలట్లేమీ కొత్తవాళ్లు కాదు. విచారణాధికారులు 'పైలట్ తప్పిదం' అని రాసి ఫైలు మూసేసేవారు.

1943లో ఆల్ఫోన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పైలట్లను వదిలేసి కాక్‌పిట్‌ను పరిశీలించాడు. చక్రాల స్విచ్, రెక్కల ఫ్లాప్‌ల స్విచ్ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. ఫ్లాప్‌లు ఎత్తబోయిన చెయ్యి అలవాటున పక్కదాని మీద పడేది. ఆ రెండూ వేరువేరుగా ఉన్న సి-47 రవాణా విమానాల్లో ఈ గొడవే లేదు. చాపానిస్ చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్‌ల మీటకు ఏటవాలు బిళ్ల తగిలించాడు. చీకట్లో కూడా ఏది ఏదో చేతికే తెలిసిపోతుంది. నేటి విమానాల్లోనూ చక్రాల మీట పిడి చక్రంలాగే ఉంటుంది.

మీటలే కాదు, దీపాలూ మోసం చేస్తాయి. 1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరిపోయింది. 'మూసుకో' అనే ఆజ్ఞ వెళ్లిందనే దానర్థం. వాల్వు మూసుకుందో లేదో దానికి తెలియదు. సిబ్బంది దీపాన్ని నమ్మారు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరిచే నీరు బయటికి పోతూనే ఉంది. ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది.

వస్తువును సరిచేయడం కుదరనప్పుడు హెచ్చరిక అంటించాలి. అది ఆఖరి అస్త్రం. చాలామంది తయారీదారులు దాన్నే మొదట తీస్తారని నా ఫిర్యాదు. మూత లోపలి వైపు నుంచి బిగిసే ప్రెషర్ కుక్కర్‌ను చూడండి: ఆవిరి దిగేదాకా మూత రాదు. చదువు రాని వాళ్లకు కూడా అది ఒకేలా రక్షణ ఇస్తుంది.

పురుగుమందు డబ్బాకు ఆ వెసులుబాటు లేదు. లేబులే దిక్కు. 1971 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం డబ్బా మీద మూలపై నిలబెట్టిన చదరం ఉండాలి. లేబుల్‌లో అది పదహారో వంతుకు తగ్గకూడదు. దాని కింది సగం ఎరుపైతే విషం అత్యంత తీవ్రం. తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. పుర్రె గుర్తు ఎరుపుకు మాత్రమే ఉంటుంది. వివరాలు హిందీ, ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ట్రాఫిక్ సిగ్నల్‌కు అలవాటుపడిన కంటికి ఆకుపచ్చ అంటే 'భయం లేదు, పో' అని. ఇక్కడ అది 'విషమే, కాకపోతే తక్కువ' అని. నీలం చూసి ప్రమాదమని ఎవరికి తోస్తుంది? ఇక చిన్న సీసా మీద మూడు భాషలు ఇరికిస్తే అక్షరాలు చీమల బారులవుతాయి. మిర్చి, పత్తి చేలల్లో మందు కొట్టి పడిపోయిన మనిషిని 'జాగ్రత్త తీసుకోలేదు' అనడం, ఆనాటి ఫైళ్లలో 'పైలట్ తప్పిదం' అని రాసినట్టే.

లేబుళ్లు బాగుపడేదాకా రైతు సోదరులకు ఒక మాట. ధర అడిగే ముందు ఆ చదరం కింది సగం చూడండి. ఎరుపో పసుపో కనిపిస్తే, అదే పురుగుకు తక్కువ విషమున్న మందు ఉందేమో డీలర్‌ను అడగండి. ఏ రంగైనా సరే, గ్లోవ్స్ లేకుండా మూత తీయకండి.