ఎక్సరే తీసేది ఎవరు?

అక్కలారా, మీలో ఎవరైనా ఎక్సరే తీయించుకున్నారా? చేయి విరిగినప్పుడో, దగ్గు ఎంతకీ తగ్గనప్పుడో డాక్టరు గారు చీటీ రాసిస్తారు. అది పట్టుకొని ఎక్సరే గదికి పోతాం. అక్కడ ఒకరు మనల్ని సరిగా నిలబెడతారు. "గాలి పీల్చు, బిగబట్టు" అంటారు. టక్కుమని చప్పుడు. అంతే, అయిపోయింది. డాక్టరు గారి పేరు మనకు గుర్తుంటుంది. నర్సమ్మ ముఖం గుర్తుంటుంది. ఎక్సరే తీసిన మనిషి మాత్రం గుర్తుండరు.

వారిని రేడియోగ్రాఫర్ అంటారు. ఎక్సరే టెక్నీషియన్ అని కూడా పిలుస్తారు. కరోనా కాలంలో వాళ్లు ఏం చేశారో చాలామందికి తెలియదు. మా పెద్దమ్మ కూతురు ఒక పెద్దాసుపత్రిలో ఈ పనే చేస్తుంది. ఇందులో కొన్ని సంగతులు ఆ అక్క నాకు చెప్పినవే.

ముందు ఎక్సరే సంగతి చూద్దాం. 1895 నవంబరు 8న జర్మనీ దేశంలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఈ కిరణాలను కనిపెట్టాడు. ఇవి కంటికి కనబడవు. మాంసంలోంచి దూసుకుపోతాయి, ఎముకలోంచి అంత తేలిగ్గా పోలేవు. ఆ డిసెంబరులోనే ఆయన తన భార్య చేతిని ఈ కిరణాలతో ఫోటో తీశాడు. అందులో ఆమె వేళ్ల ఎముకలు, వేలికున్న ఉంగరం కనబడ్డాయి. చూశారా, లోకంలో పేరు మోసిన ఆ మొదటి ఎక్సరే ఒక ఆడమనిషి చేతిదే!

ఎక్సరే ఫోటోలో ఎముక తెల్లగా ఉంటుంది. గాలి ఉన్నచోటు నల్లగా ఉంటుంది. ఊపిరితిత్తుల నిండా గాలే కదా, అందుకే అవి నల్లగా కనబడాలి. కరోనా ముదిరినవారికి ఆ నలుపులో తెల్లటి మసక మచ్చలు వచ్చాయి. ఎక్కువమందికి రెండు పక్కలా, కింది భాగంలో వచ్చాయి. ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష జబ్బు ఉందో లేదో చెబుతుంది. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో అది చెప్పదు. అందుకు ఎక్సరే కావాలి. ఊపిరి ఆడని మనిషికి గొంతులో గొట్టం వేస్తారు. ఆ గొట్టం సరైన చోట ఉందా లేదా అని చూడటానికి కూడా ఎక్సరే కావాలి.

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. తర్వాత హైదరాబాదులోని గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కరోనా రోగులకే కేటాయించారు. జిల్లాల్లో కూడా వార్డులు తెరిచారు. "దూరంగా ఉండండి, ఆరడుగులు ఉండండి" అని ఊరూరా చాటింపు వేశారు.

మరి ఎక్సరే తీసేవాళ్లు ఆరడుగుల దూరం ఎలా ఉంటారు?

ఆక్సిజన్ మీద ఉన్న మనిషిని ఎక్సరే గదికి తేలేరు. అందుకే చక్రాలున్న మిషనును మంచం దగ్గరికే తోసుకుపోయారు. మనం అక్షరాలు దిద్దుకున్న పలక ఉంది కదా, అలాంటి పలక ఒకటి ఉంటుంది. దాన్ని రోగి వీపు కింద పెట్టాలి. రోగి తనంతట తాను లేవలేడు. భుజాల కింద చేయి వేసి, దగ్గరికి తీసుకొని లేపాలి. ఆ మనిషి దగ్గితే ముఖం మీదే దగ్గుతాడు. ఒక్కరికి కాదు, ఒక్కో పూట ఎంతోమందికి ఇలా చేయాలి.

ఇందుకు వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇద్దరు కలిసి వెళ్తారు. ఒకరు రోగిని మాత్రమే ముట్టుకుంటారు. ఇంకొకరు మిషనును మాత్రమే ముట్టుకుంటారు. ఒకరి పనిలో ఒకరు చేయి పెట్టరు. పలకకు ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. ఒక రోగి అయిపోగానే కవరు తీసి పారేస్తారు, మిషనును మందు నీళ్లతో తుడుస్తారు, తర్వాతే ఇంకో మంచం.

నిలువెల్లా కప్పే తెల్ల సూటు, దాని మీద కిరణాలు తగలకుండా సీసం ఉన్న కోటు. కోటు బరువే నాలుగైదు కిలోలు ఉంటుందని అక్క చెప్పింది. సూటు ఒకసారి వేసుకుంటే గంటల తరబడి నీళ్లు తాగేది లేదు, ఒంటేలుకు పోయేది లేదు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ల బాధ మీకు నేను చెప్పక్కర్లేదు. మాస్కులోంచి మాట సరిగా వినబడదు. "గాలి బిగబట్టు" అని చేత్తో సైగ చేసేది అక్క. పాపం, ఊపిరే అందని మనిషి ఎక్కడ బిగబడతాడు?

2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు దేశమంతా చప్పట్లు కొట్టారు, గుర్తుందా? అక్క ఆ పూట డ్యూటీలో ఉంది. కొన్నాళ్లకు ఇంటి ఓనరమ్మ "ఇల్లు ఖాళీ చెయ్యి" అంది. నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే కోపమే. అక్క కొడుకును మా పెద్దమ్మ దగ్గర వదిలింది. రెండు నెలలు వాణ్ణి ఫోనులోనే చూసుకుంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఇంకో సంగతి జరిగింది. కొంచెం జ్వరం రాగానే జనం సీటీ స్కాన్‌కు పరుగెత్తారు. "స్కోరు ఎంత?" అని అడగటం ఊళ్లలోకి కూడా వచ్చింది. ఆ స్కోరు 25కు లెక్క. సీటీ స్కాన్ కూడా ఎక్సరే కిరణాలతోనే తీస్తారు, కానీ ఛాతీ ఎక్సరే కన్నా పదుల రెట్లు ఎక్కువ కిరణాలు ఒంటికి తగులుతాయి. జబ్బు తేలిగ్గా ఉన్నవారికి ఇది అక్కర్లేదని ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరుగా ఉన్న డాక్టర్ రణదీప్ గులేరియా ఆ మే నెలలోనే చెప్పారు. డబ్బు పోవడమే కాదు, జబ్బు లేనివారు కూడా ఆ వరుసలో నిలబడి అంటించుకునే ప్రమాదం ఉంది.

అలాగని ఎక్సరే అంటే భయపడకండి. డాక్టరు అవసరమని రాస్తే తీయించుకోవాలి. మిషను నొక్కిన క్షణమే కిరణాలు వస్తాయి. తర్వాత గదిలోనూ మిగలవు, ఒంట్లోనూ మిగలవు. కడుపుతో ఉంటే మాత్రం, నెల తప్పిందని అనుమానం ఉన్నా సరే, ముందే చెప్పాలి. సిగ్గుపడకూడదు.

మెడలో గొలుసులు కూడా తీయాలి. లోహం తెల్లగా పడి, వెనకున్నది కనబడదు. పుస్తెలు తీయమంటే కరోనా వార్డులో చాలామంది ఆడవాళ్లు ఏడ్చారట. పక్కన అయినవాళ్లు ఎవరూ లేరు మరి. తీయనన్నవారికి అక్క దాన్ని భుజం మీదికి జరిపి ఫోటో తీసేది. తీసినవారివి చిన్న కవర్లో వేసి, పైన పేరు రాసి, తలగడ దగ్గర పెట్టేది. ఒక పెద్దామె మాత్రం రాయనివ్వలేదట. "నాకు వచ్చు బిడ్డా, పెన్ను ఇటియ్యి" అని తన పేరు తనే రాసుకుందట. చేయి వణికి అక్షరాలు వంకర పోయాయట. పన్నెండు రోజుల తర్వాత ఇంటికి పోతూ ఆ కవరు అక్కకు చూపించి మరీ పోయిందట.