కొడుకు వేషమే కొంప ముంచింది!

నెక్కొండలో రైలెక్కి వరంగల్ వెళ్లి సినిమా చూసొచ్చే కుర్రకారుకి 'సూర్యవంశం' కథ కొత్తగా చెప్పాలా? 1997లో తమిళంలో శరత్‌కుమార్, 1998లో తెలుగులో వెంకటేష్ తండ్రీకొడుకులుగా మెప్పించేశారు. మరి 1999లో మన ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన హిందీ 'సూర్యవంశం' హాళ్లలో ఎందుకు నిరాశపరిచింది?

అమితాబ్ ద్విపాత్రాభినయం, పక్కన సౌందర్య, జయసుధ! హంగులకేం లోటు లేదు. చిక్కల్లా కొడుకు పాత్రతోనే! మీసాల తండ్రిగా అమితాబ్ నిండుగా ఉన్నాడు. కానీ చదువురాని హీరాగా తండ్రి ఛీత్కారానికి కుమిలిపోతుంటే, ఆ ముఖంలో 56 ఏళ్లూ కనబడిపోయాయి. కొడుకుని కుర్రాడని నమ్మకపోతే తండ్రి కోపం మాత్రం మనకెలా గుచ్చుకుంటుంది?

విచిత్రమేమంటే, సెట్ మాక్స్ టీవీ పదేపదే వేసేసరికి అదే సినిమా ఇంటింటి చుట్టమైంది. నట్టింట్లో చూస్తే తండ్రీకొడుకుల తగువు మనింటిదే అనిపిస్తుంది మరి!