పడుచువారికిని నీటికాసులు

నీటికాసుల జబ్బు ముసలివారికే వచ్చునని మన దర్శి ప్రాంతపు రైతుసోదరులు పలువురు తలంచుచుందురు. అది సరికాదు. పిల్లలకును, పడుచువారికిని రావచ్చును.

కంటిలో నీరు ఎడతెగక ఊరుచు, సన్నని దారిగుండ వెలికి పోవుచుండును. అలుగు పూడిన చెరువుకట్టపై నీటిబరువు పెరుగునట్లు, ఆ దారి మూసికొన్నచో కంటిలో ఒత్తిడి హెచ్చి చూపునరము చెడును. తఱచు నొప్పియుండదు, ఎఱుపుండదు. మొదట ప్రక్కచూపు పోవును. ఎదుటిచూపు నిలిచియుండుటచే, అక్షరములు చదివించు పరీక్షలో జబ్బు బయటపడదు. పోయిన చూపు మరల రాదు.

1996 మొదలు 2000 వఱకు హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జనుల కన్నులు పరీక్షింపగా, నీటికాసులు గల పెద్దలలో అధికసంఖ్యాకులు తమ జబ్బు నెఱుగరని తేలినది. ఇక ఎవరును అనుమానింపని పడుచువారి సంగతి చెప్పనేల?

ఎండకును దుమ్మునకును పిల్లలకు కన్నులు దురదపెట్టుట కలదు. అందులకై దుకాణమున కొనిన స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసినచో, దురద తగ్గినను లోపల ఒత్తిడి పెరుగవచ్చును. వైద్యుని చీటీ లేనిదే అట్టి మందు వాడరాదు.

మేము సభ్యులను కోరునదేమన: అట్టి చుక్కలు చాలకాలము వాడినవారును, తలిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ జబ్బుగలవారును, వయస్సెంత చిన్నదైనను, కంటి ఒత్తిడి కొలిచి నరము చూడుమని వైద్యుని అడుగవలెను. సకాలమున తెలిసినచో, మందుతో గాని శస్త్రచికిత్సతో గాని మిగిలిన చూపును కాపాడుకొనవచ్చును.