హాజరు పట్టీలో ఒక గంట

ఆదివారం సాయంత్రం మా సంఘ భవనంలో నలుగురు తల్లులు కూర్చుంటే మాట కాలేజీల మీదికి పోవడం మామూలే. ఫీజులు, బస్సులు, హాస్టలు భోజనం అయిన తరువాత, "అటెండెన్సు చాల్లేదటండీ" అనే మాట ఏదో ఒక మూల నుంచి వస్తుంది. మేమూ మొదట ఇది సినిమాలకు తిరిగే కుర్రవాళ్ళ గొడవే అనుకొన్నాము. మా సభ్యుల ఇంటి అమ్మాయి విషయం తెలిసిన తరువాత అలా అనుకోలేకపోయినాము.

ఆ పిల్ల బెంగుళూరులోనే ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్నది. వాళ్ళ అవ్వ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన తరువాత సోమ, గురువారాలు ఉదయం ఆసుపత్రిలో వ్యాయామం చేయించాలన్నారు. తల్లి బడిలో టీచరు, తండ్రిది షిఫ్టు ఉద్యోగం. అవ్వను ఆటోలో ఎక్కించి దించే పని పిల్ల మీద పడింది. వారానికి రెండు ఉదయాలు, ఆరు వారాలు. మిగిలిన గంటలన్నీ తప్పకుండా వెళ్ళింది. అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తే ఆమె హాజరు 90 శాతం పైమాటే.

కాని లెక్క కలిపి చూడరు. సబ్జెక్టు సబ్జెక్టుకూ విడిగా చూస్తారు. ఆ రెండు ఉదయాల్లోనూ మొదటి గంట ఒకే సబ్జెక్టు. టర్ములో 45 గంటల పాఠంలో 12 గంటలు పోయి 33 మిగిలినవి. అంటే 73 శాతం చిల్లర. ఆ కాలేజీలో 85 వుండాలి. వైద్య కారణం చూపిస్తే 75 దాకా మన్నిస్తారు. 34 గంటలు వుంటే మన్నింపు దొరికేది. ఒక్క గంట తక్కువైంది. ఆ సంగతి నోటీసు బోర్డు మీద కనబడింది పరీక్షలకు వారం ముందు. అప్పటికి పాఠాలు అయిపోయినవి, హాజరు కావడానికి ఆ ఒక్క గంట ఎక్కడా లేదు.

ఈ నియమాలు అన్ని చోట్లా ఒక్క తీరున వుండవని మన తల్లిదండ్రులకు తెలియదు. కర్ణాటకలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం 85 శాతం అడుగుతుంది, తగిన కారణం వుంటే 10 శాతం వరకు మన్నించే అధికారం వైస్ చాన్సలరుది. మద్రాసు విశ్వవిద్యాలయపు కాలేజీలలో 75 చాలు. 65 దాటినవారు రుసుము కట్టి మన్నింపు కోరవచ్చు. న్యాయశాస్త్రానికి బార్ కౌన్సిల్ 2008లో చేసిన నియమాలు ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం అడిగినవి. ఒకే ఇంట అన్న మద్రాసులో, చెల్లెలు బెంగుళూరులో చదివితే, అన్నకు చెల్లిన సెలవు చెల్లెలికి చెల్లదన్న మాట! 45 గంటల సబ్జెక్టులో 85 శాతం అంటే 39 గంటలు. వదులుకోదగినవి ఆరు, అంటే రెండు వారాల పాఠం.

ఇక మన వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. శ్రావణం వచ్చిందంటే ముహూర్తాలు. చిత్తూరులో ఒకటి, అనంతపురంలో ఒకటి. "నాలుగు రోజులే గదా, పిల్ల రాకపోతే మేనత్త ఏమనుకొంటుంది?" అని బయలుదేరదీస్తాము. కాలేజీలో పాఠాలు జోరుగా సాగే రోజులు కూడా అవే. పెళ్ళిలో వియ్యపురాలి ముందు పరువు నిలుస్తుంది, పట్టీలో గంటలు పోతాయి. శుక్ర, శనివారాలు పోతే ఆ రోజుల్లో వుండే సబ్జెక్టే ప్రతిసారీ దెబ్బతింటుంది. అది ఎవరూ చూసుకోరు.

అధ్యాపకుల మాట కూడా కొట్టివేయరానిది. మా సంఘంలో రిటైరైన లెక్చరరు ఒకాయన వున్నారు. అరవై మంది వుండవలసిన గదిలో పదకొండు మందికి పాఠం చెప్పడం ఎలా వుంటుందో మీకు తెలియదండీ అంటారాయన. ప్రయోగశాలలో చేతులతో నేర్చుకోవలసింది పక్కవాడి నోటుబుక్కులో దొరకదు. అయితే నిర్బంధం వల్ల ఏం జరుగుతుందో కూడా ఆయనే చెబుతారు: పేర్లు పిలిచేటప్పుడు ఒక్కడే మూడు గొంతులతో పలుకుతాడు, వేలిముద్ర యంత్రం పెడితే వేలు అద్ది తిన్నగా క్యాంటీనుకు నడుస్తాడు. అతని హాజరు నిండుగా వుంటుంది. అవ్వను ఆసుపత్రికి తీసికొని వెళ్ళిన పిల్లది చాలదు.

2016లో ఢిల్లీలో హాజరు చాలక పరీక్షకు దూరమైన ఒక న్యాయశాస్త్ర విద్యార్థి ప్రాణం తీసికొన్నాడు. ఆ విషయం సుప్రీంకోర్టు దృష్టికి వెళ్ళి, తరువాత ఢిల్లీ హైకోర్టుకు వచ్చింది. 2025 నవంబరు 3న తీర్పు చెబుతూ, హాజరు తక్కువైందని ఏ న్యాయ విద్యార్థినీ పరీక్షకు ఆపరాదని హైకోర్టు అన్నది. బార్ కౌన్సిల్ తన నియమాలను మళ్ళీ పరిశీలించుకోవాలన్నది. ఈ లోపల కాలేజీలు ఏం చేయాలో కూడా చెప్పింది: వారం వారం హాజరు లెక్క విద్యార్థికి తెలపాలి, తక్కువ పడితే నెలనెలా తల్లిదండ్రులకు నోటీసు పంపాలి, లోటు పూడ్చుకోవడానికి అదనపు తరగతులు పెట్టాలి. ఆ తీర్పు న్యాయ కళాశాలలకు మాత్రమే. ఇంజనీరింగు పిల్లలకు అది అక్కరకు రాదు.

మాకు నచ్చింది ఆ మధ్య మాట. శాతం 75 వుండాలా 85 వుండాలా అన్నది పెద్దలు తేల్చుకొంటారు. లెక్క మాత్రం టర్ము నడిమిలోనే తెలియాలి. నాలుగవ వారంలో "నీకు ఈ సబ్జెక్టులో ఎనిమిది గంటలు పోయినవి" అని ఒక చీటీ వచ్చివుంటే, ఆ తండ్రి ఒక్క సోమవారం షిఫ్టు మార్చుకొనేవాడు. సరిపోయేది.

కాలేజీ వారు పంపకపోతే మనమే అడగాలి. చేరిన రోజున ప్రాస్పెక్టసులో ఫీజుల పుట చూసినట్లే హాజరు పుట కూడా చూచి, మన్నింపుకు ఏ తేదీలోగా డాక్టరు కాగితం ఇవ్వాలో రాసి పెట్టుకోవాలి. టర్ము చివర తెచ్చిన సర్టిఫికెట్టును చాలా చోట్ల అనుమానంగా చూస్తారు. జబ్బు పడిన వారంలోనే ఇచ్చినదానికి విలువ ఎక్కువ.

ఆ అమ్మాయి ఇప్పుడు మూడవ సంవత్సరం పాఠాలతో పాటు ఆ ఒక్క సబ్జెక్టుకూ మళ్ళీ కూర్చుంటున్నది. అవ్వ కర్ర పట్టుకొని నడుస్తున్నది. నెలకొకసారి డాక్టరుకు చూపించాలి. ఆ పని మా సంఘంలో ఇద్దరు పంచుకొన్నారు. ఆటోలో కూర్చోగానే ఆమె అడిగేది ఒకటే, "పిల్ల కాలేజీకి పోయిందా?" అని. పోయిందని చెప్పినా, మలుపు తిరిగిన తరువాత మళ్ళీ అడుగుతుంది.