లోయకు అడ్డంగా ఇనుప తాడు

మామిడికుదురు నుంచి అమలాపురం వెళ్లేవాళ్లు పాశర్లపూడి దగ్గర వైనతేయ మీది బోడసకుర్రు వంతెన ఎక్కుతారు. ఇలాంటి చోట వంతెన కట్టేవాళ్లకు నది కొంత సాయపడుతుంది. క్రేన్‌ని పంటు మీదకు ఎక్కించి, పని జరిగే స్తంభం పక్కనే నిలబెట్టవచ్చు. కిందంతా లోయే ఉన్నచోట ఏం చేయాలి?

జమ్ముకశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో చీనాబ్ రైలు వంతెన కట్టేటప్పుడు ఎదురైన చిక్కు ఇదే. వంతెన పొడవు 1315 మీటర్లు. అందులో ఉక్కు ఆర్చి ఒక్కటే 467 మీటర్ల వెడల్పున లోయను దాటుతుంది. పట్టాలున్న ఎత్తు నదీగర్భం నుంచి 359 మీటర్లు. అంత ఎత్తుకు కింద నుంచి అందే క్రేన్ లేదు. కొండ తొలిచి రోడ్డు వేసినా అది గట్టు దాకానే వస్తుంది, గాలిలోకి సాగే ఆర్చి కొసకు సామాను చేర్చలేదు. అందుకని గట్టు నుంచి గట్టుకు 915 మీటర్ల పొడవున కేబుల్ క్రేన్ నిలిపారు. పని అయ్యాక విప్పేయడానికే కట్టిన ఏర్పాటు అది.

ఇందులో బరువంతా మోసే మోత తాడు కదలదు. దాని మీద చక్రాల బండి నడుస్తుంది. ఆ బండిని ముందుకూ వెనక్కూ లాగడానికి ఒక తాడు, సరుకును దించడానికీ ఎత్తడానికీ మరొకటి ఉంటాయి. గట్టున ఉన్న వించ్‌లు ఈ రెండింటినీ తిప్పుతాయి.

ఇంజినీరు ముందుగా తేల్చుకోవాల్సింది మోత తాడు ఎంత వంగాలన్నది. పెరట్లో దండెం ఎంత బిగించి కట్టినా తడిబట్ట వేయగానే కొంత వంగుతుంది. అసలు వంగకుండా చేయాలని చూస్తే మేకు ఊడుతుంది. లెక్క తేలికే: బరువు నడిమధ్యన ఉన్నప్పుడు, ఆ బరువును రెండు కొసల మధ్య దూరంతో గుణించి, వంపు లోతుకు నాలుగు రెట్లతో భాగిస్తే తాడులోని అడ్డ లాగుడు వస్తుంది. 20 టన్నుల సరుకు, దూరంలో ఇరవయ్యో వంతు వంపు అనుకుందాం. లాగుడు 100 టన్నులు. వంపును సగానికి తగ్గిస్తే 200 టన్నులు. తాడు సొంత బరువు వల్ల వచ్చే లాగుడు దీనికి అదనం. పోనీ వంపు పెంచుదామంటే టవర్లు ఇంకా ఎత్తు కావాలి, పైగా బండి టవరు దగ్గరకు వచ్చేసరికి ఏటవాలు పెరిగి లాగే తాడుకు పని ఎక్కువవుతుంది.

అంత బరువైన తాడును మొదటే లోయ దాటించలేరు. సన్నని దారాన్ని డ్రోన్‌తోనో హెలికాప్టర్‌తోనో అవతలికి చేరుస్తారు. దానితో కాస్త లావు తాడును, దానితో ఇంకా లావు తాడును లాగుతూ పోతారు.

తర్వాతి శత్రువు గాలి. అమెరికాలో హూవర్ డ్యాం దగ్గర కొత్త వంతెన కడుతుండగా 2006 సెప్టెంబరులో ఈదురుగాలులకు ఇలాంటి కేబుల్ క్రేన్ టవర్లే కూలిపోయాయి. ప్రాణనష్టం జరగలేదు కానీ పని చాలాకాలం వెనకబడింది. కొన్నేళ్లలో విప్పేసేదే అయినా, నిలబడి ఉన్నన్నాళ్లూ కేబుల్ క్రేన్ అసలు వంతెనలాగే గాలికి తట్టుకోవాలి.

తాడులోని లాగుడంతా చివరికి దిగేది నేలలోకే. టవర్లు కిందికి నొక్కుతాయి. వాటి వెనక కట్టిన తాళ్లు లంగరు దిమ్మల ద్వారా కొండను లాగుతాయి. చీనాబ్ గట్టున రాయి పగుళ్లతో పలకలు పలకలుగా ఉంటుంది. వంతెన పునాదులు నిలిచే ఆ వాలును కదలకుండా పట్టి ఉంచే పనికి సలహాదారు మన ప్రకాశం జిల్లాలో పుట్టి, కాకినాడ జేఎన్‌టీయూలో సివిల్ ఇంజినీరింగ్ చదివిన ఆచార్య జి. మాధవీలత. బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేసే ఆమె బృందం కొండను తవ్వేకొద్దీ బయటపడిన రాతి తీరును బట్టి డిజైన్ మార్చుకుంటూ పోయింది. నేలను ముందే పూర్తిగా చదవలేని చోట ఇదే సరైన దారి.

రెండు గట్ల నుంచీ పెరుగుతూ వచ్చిన ఆర్చి 2021 ఏప్రిల్ 5న కలిసింది. వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. ఇలాంటి కేబుల్ క్రేన్‌కు పెట్టే ఖర్చు చూసి కొన్నాళ్ల ముచ్చటకు ఇంతా అనిపించవచ్చు. కానీ బోల్టులతో బిగించిన టవర్లను విప్పి మరోచోటికి తరలించవచ్చు. తాడు లోపల తెగిన తీగలున్నాయేమో అయస్కాంత పరీక్షతో చూసి, గట్టిగా ఉంటే మళ్లీ వాడుకోవచ్చు. లంగరు దిమ్మ మాత్రం కొండలోనే మిగిలిపోతుంది. అందుకే దాని చోటును ఎంచే పని అన్నిటికంటే ముందు మొదలవుతుంది.