ఆటగాని వెల

తెలకపల్లి వంటి పల్లెలలో చెడుగుడు ఆడేవారికి కూతకు వెళ్ళేవాడు ఒక్కడే అయినా గెలిచేది జట్టేనని తెలుసు. ప్రో కబడ్డీ లీగ్ వేలంలోనూ ఈ సత్యమే కొలమానం.

2022లో తమిళ్ తలైవాస్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2.26 కోట్ల రూపాయలకు కొన్నది. తొలి పోటీలోనే ఆయన గాయపడినప్పటికీ జట్టు సెమీఫైనల్ చేరింది. 2023లో తెలుగు టైటాన్స్ ఆయనకై 2.605 కోట్లు వెచ్చించింది. జట్టు మొత్తానికి వ్యయపరిమితి 5 కోట్లే కావడంతో, మిగిలిన ఆటగాళ్ళందరికీ అందులో సగం కూడా దక్కలేదు. పవన్ రాణించినా, జట్టు 22 పోటీలలో రెండింటిని మాత్రమే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. ఇందుకు ఆయనను నిందించడం న్యాయం కాదు.

కొన్నదానితోపాటు, ఆ ధనం వెచ్చించినందువల్ల కొనలేకపోయినదానిని కూడా లెక్కించినప్పుడే బేరంలోని మంచిచెడ్డలు తెలుస్తాయి.